ఒకే డాక్టరు, రెండు చీటీలు

ఉప్పల్, నాచారం వాడల్లో ‘ఎర్రగడ్డ’ అన్నది ఒక పేట పేరు కాదు, ఒక తిట్టు. పిల్లలు ఆటలో కొట్లాడుకున్నా “నిన్ను ఎర్రగడ్డకు పంపాలె” అనుకుంటారు. అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది గనుక ఆ పేరుకు ఆ గతి పట్టింది. అందుచేతనే మన ఇళ్ళలో ఎవరి మనసైనా కృంగితే దానికి ముందుగా వేరే పేరు పెట్టి దాచుతాము. నీరసం అంటాము, గ్యాసు అంటాము, వేడి చేసిందంటాము. బలానికని ఒక సూది వేయించుకుంటాము. ఆ సూదితో తగ్గకపోతే దిష్టి అంటారు కొందరు, విశ్వాసం చాలలేదంటారు మరికొందరు.

మా కుటుంబంలో ఈ కృంగుదల జబ్బు రెండుసార్లు వచ్చింది. 2018లో నాకు, 2021లో మా ఆడబిడ్డకు. ఇద్దరమూ ఒకే డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాము. ఆయన నాకు మాత్రలు వ్రాశారు. ఆమెకు ఒక్క మాత్ర కూడా వ్రాయలేదు. దేవుని దయ వలన ఇద్దరమూ బాగుపడ్డాము. “అదేమిటమ్మా, మీ ఇద్దరిదీ ఒకటే జబ్బు కదా?” అని మా స్త్రీల మైత్రిలో చాలామంది అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చాలా కుటుంబాలకు ఉపయోగపడుతుందని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నాకు వచ్చిన జబ్బు

మాది మోత్కూరు దగ్గర ఒక పల్లె. పెండ్లయిన తరువాత మా వారి ఉద్యోగం కోసం నాచారం వచ్చాము. ఆయన ఇక్కడి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. మూడు షిఫ్టుల పని. ఇద్దరు పిల్లలు.

2018 జనవరిలో మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. ఏడ్చాను, ఊరికి వెళ్ళాను, రావలసిన దుఃఖం వచ్చింది. అది జబ్బు కాదు. తల్లి పోతే ఏడవని బిడ్డ ఉండదు. కాని మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది, నా దుఃఖం మాత్రం తగ్గకపోగా రంగు మార్చుకున్నది. ఇప్పుడు అమ్మ కోసం కూడా ఏడుపు రావడం లేదు. దేనికీ ఏమీ అనిపించడం లేదు. రాత్రి మూడు గంటలకే మెలకువ వచ్చేది. అన్నం నోట్లో మట్టిలాగా ఉండేది. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్ళ కోసం వాడంతా ఎదురు చూస్తుంటే, నేను డ్రమ్ము పక్కనే కూర్చుని అది నిండి పొర్లిపోతున్నా చూస్తూ ఉండిపోయేదాన్ని. పప్పు వండాలా చారు పెట్టాలా అన్నది తేల్చుకోవడానికి ఒక గంట పట్టేది. బైబిలు తెరిస్తే ఒకే వచనం మీద కన్ను పదిసార్లు తిరిగేది, ఒక్క మాట లోపలికి పోయేది కాదు. దేవుడు నన్ను వదిలిపెట్టాడని అనుకున్నాను.

జూన్ నెలలో ఒకరోజు, ‘నేను లేకపోతేనే వీళ్ళు సుఖంగా ఉంటారు’ అన్న తలంపు వచ్చింది. ఆ రాత్రే మా వారితో చెప్పాను. ఆయన నైట్ డ్యూటీకి వెళ్ళబోతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. అది విని గుండీలు తీసేసి కూర్చున్నారు. ఏమీ ఉపదేశం చేయలేదు. “రేపు దవాఖానకు పోదాం” అన్నారు.

ఆయనకు ఇ.ఎస్.ఐ. కార్డు ఉంది గనుక మొదట నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్ళాము. అక్కడ రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. ఇది మంచి పద్ధతి. ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే నీరసపడి కృంగినట్టు కనిపిస్తాడు. నాకు రక్తం కొంచెం తక్కువ, థైరాయిడ్ బాగానే ఉంది. అప్పుడు మానసిక వైద్యునికి చూపించుకోమన్నారు. మా వారి ముఖం వాడిపోయింది. “ఎర్రగడ్డకా సార్?” అని అడిగారు. అక్కడికే పోనవసరం లేదు, మామూలు క్లినిక్కులలో కూడా ఈ డాక్టర్లు ఉంటారని వారు చెప్పారు. అలా హబ్సిగూడ వైపు ఉన్న ఒక డాక్టరు గారి దగ్గరికి చేరాము.

తొమ్మిది ప్రశ్నలు

డాక్టరు గారు ఒక కాగితం తీసి తొమ్మిది ప్రశ్నలు అడిగారు. గత రెండు వారాలలో పనుల మీద ఆసక్తి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, మిమ్మల్ని మీరే నిందించుకుంటున్నారా, చనిపోతే బాగుండునని అనిపించిందా, ఇలాంటివి. ఒక్కొక్క దానికి సున్న నుండి మూడు మార్కులు. మొత్తం 27. ఐదు నుండి తొమ్మిది వస్తే స్వల్పమైన కృంగుదల, పది నుండి పద్నాలుగు వస్తే మధ్యరకం, పదిహేను గాని ఆపైన గాని వస్తే అంతకన్నా బరువైనది. ప్రపంచమంతటా డాక్టర్లు వాడే కొలత ఇది. నాకు 14 వచ్చాయి.

మార్కులు చూసి వెంటనే మందు వ్రాయలేదు ఆయన. ఇంకా అడిగారు. ఇదివరకు ఎప్పుడైనా ఇలా వచ్చిందా? వచ్చింది. 2003లో రెండవ కాన్పు తరువాత నాలుగు నెలలు ఇలాగే ఉన్నాను. బాలింత నీరసం అనుకున్నాము, ఎవరికీ చూపించలేదు. ఎప్పుడైనా దీనికి తారుమారుగా, నిద్ర లేకపోయినా హుషారుగా తిరగడం, మితిమీరి మాట్లాడడం, డబ్బు పారబోయడం జరిగిందా? లేదు. ఈ ప్రశ్న ఎందుకంటే, అలాంటి జబ్బు ఉన్నవారికి కృంగుదల మాత్ర ఒక్కటే ఇస్తే వేగం హద్దు మీరుతుందట. వాళ్ళకు వైద్యం వేరు. మోకాళ్ళ నొప్పులకు ఏమైనా మాత్రలు మింగుతున్నారా? అప్పుడప్పుడు మింగుతున్నాను. ఇకమీదట మెడికల్ షాపులో అడిగి నొప్పుల మాత్రలు వేసుకోవద్దన్నారు. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుందట.

తరువాత ఆయన మందు పేరు వ్రాశారు. ఎస్సిటాలోప్రామ్. ఇదే కుటుంబంలో సెర్ట్రాలిన్, ఫ్లూఓక్సెటిన్ అనేవి కూడా ఉన్నాయి. ఇమిప్రమిన్, అమిట్రిప్టిలిన్ అనేవి వీటికన్నా పాతకాలం మందులు.

మాత్ర మింగిన తరువాత

చీటీ చేతికిచ్చే ముందు డాక్టరు గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి కొన్ని సంగతులు చెప్పారు. అవి ముందుగా తెలియబట్టే నేను నిలబడగలిగాను. ఈ మాత్ర తలనొప్పి గోలీ లాగా గంటలో పనిచేయదు. రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ. గుణం కంటే ముందు ఇబ్బంది కనిపిస్తుంది. కడుపులో తిప్పడం, తలనొప్పి, నోరు ఎండడం, కొందరికి నిద్ర చెదరడం, కొందరికి లోపల గాబరా. చాలావరకు ఒకటి రెండు వారాలలో సర్దుకుంటాయి. దాంపత్య జీవితంలో కోరిక తగ్గడం కూడా ఉండవచ్చు, సిగ్గుపడక చెప్పాలి, దానికీ మార్గాలున్నాయి. ఇరవై ఐదేండ్ల లోపు వారికి ఈ మందు మొదలుపెట్టినప్పుడు చనిపోవాలన్న తలంపులు పెరుగుతున్నాయేమో ఇంటివారు మరీ జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి. నా వయస్సు అది కాకపోయినా, మొదటి వారాలలో నన్ను ఒంటరిగా ఉంచవద్దని మా వారికి చెప్పారు.

అన్నట్టే అయింది. మొదటి పది రోజులు కడుపులో తిప్పింది. ఉదయం ఇడ్లీ తిన్న తరువాత వేసుకోమన్నారు, కొంత నయమైంది. రెండు వారాలైనా మనసులో ఏ మార్పూ లేదు. మూడవ వారంలో మా అమ్మాయి, “అమ్మా, ఇయ్యాల నువ్వే తల దువ్వుకున్నావు” అన్నది. నాకు ఆ సంగతే తెలియలేదు. మందు గుణం మన కంటే ముందు ఇంట్లోవాళ్ళకు కనిపిస్తుందని అప్పుడు తెలిసింది. ఆరవ వారానికి తెల్లవారు జామున ఐదింటి దాకా నిద్ర పట్టసాగింది. పప్పా చారా అన్న తగువు నా లోపల తీరిపోయింది.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఆ మాత్ర నాకు సంతోషం ఇవ్వలేదు. మత్తు కూడా ఇవ్వలేదు. అమ్మ లేదన్న బాధ అలాగే ఉంది. ఇంటి అద్దె తగ్గలేదు. జరిగింది ఏమిటంటే, బురదలో దిగబడిన బండి చక్రం గట్టి నేల మీదికి వచ్చినట్టయింది. బండి లాగడం మళ్ళీ నా పనే. అమ్మ కోసం మళ్ళీ ఏడవగలిగాను.

చాలామంది అడిగే మాట, “అలవాటైపోతుందా?” అని. సారాయి వలె ఇంకా కావాలి, ఇంకా కావాలి అనిపించే అలవాటు దీనికి లేదు. అయితే నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే శరీరం ఊరుకోదు. కళ్ళు తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం జరుగుతాయి. అందుచేత మెల్లమెల్లగా తగ్గించి ఆపాలి. బాగైన వెంటనే కూడా ఆపకూడదు. కనీసం ఆరు నెలలు కొనసాగించాలి, లేకపోతే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. నేను అక్టోబరుకు కుదుటపడ్డాను. 2019 మే దాకా వాడాను. తరువాత రెండు నెలలలో డాక్టరు గారు కొంచెం కొంచెంగా తగ్గించి ఆపించారు.

ఇంకొక జాగ్రత్త. కృంగుదల మాత్రలు వేరు, నిద్రమాత్రలు వేరు. ఆల్ప్రజోలం వంటి మాత్రలు నిజంగానే అలవాటవుతాయి. నిద్ర రావడం లేదని షాపులో అడిగి వాటిని ఏండ్ల తరబడి మింగేవారు మన పల్లెల్లో చాలామంది ఉన్నారు. కృంగుదల జబ్బుకు అది వైద్యం కాదు.

క్షయ వార్డులో దొరికిన మందు

ఈ మందులు ఎలా పుట్టాయో చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. 1952లో అమెరికాలోని న్యూయార్కు నగరంలో సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఐప్రోనియజిడ్ అనే కొత్త మందు ఇచ్చి చూశారు. మంచం పట్టిన రోగులు హుషారుగా లేచి తిరగసాగారు. మందు ఊపిరితిత్తుల మీదనే కాక మనసు మీద కూడా పనిచేస్తున్నదని గ్రహించారు. 1957లో నేథన్ క్లైన్ అనే డాక్టరు దానిని కృంగుదలకు వాడి ఫలితాలు ప్రకటించారు. అదే కాలంలో స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే డాక్టరు ఇమిప్రమిన్ గుణం కనుగొన్నారు. 1987 డిసెంబరులో ఫ్లూఓక్సెటిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. 2001 ఆగస్టులో మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ అదే మందును క్యాప్సూళ్ళుగా అమెరికాలోనే అమ్మడం మొదలుపెట్టింది. అక్కడ అలాంటి మందు మీద ఆరు నెలల ప్రత్యేక హక్కు పొందిన మొదటి భారతీయ కంపెనీ అదే. మన ఊరి మందును సముద్రాల అవతల మింగుతుంటే, మన ఊరిలో మనమే దాని పేరు చెప్పడానికి సిగ్గుపడుతున్నాము.

క్షయ విషయంలో కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేది. మా తాతగారి కాలంలో క్షయ వచ్చినవారి కంచం, చెంబు వేరు. పిల్లకు పెండ్లి కాదని జబ్బు పేరు పలికేవారు కారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీలు నడిపిన శానిటోరియంకు కుటుంబాలకు కుటుంబాలు రహస్యంగా వెళ్ళి వచ్చేవి. ఇప్పుడు క్షయకు ఆరు నెలలు మందు వాడితే చాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల ఒక్కటే కాదు, ఛాతీ ఆసుపత్రి కూడా ఉంది. ఒకదాని మీద సిగ్గు చాలావరకు పోయింది. రెండవదాని మీద కూడా పోవాలి.

విశ్వాసికి మందు ఎందుకు?

ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా బాధించింది. నేను మాత్రలు వాడుతున్నానని తెలిసి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చి, “అమ్మా, ఆ గోలీలు మోరీలో పారబోయి. ప్రార్థన చాలదా నీకు?” అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. ఆయన స్వయంగా షుగరు మాత్రలు వాడతారు. మా వారు ఆయనకు టీ ఇచ్చి పంపించారు. మాత్రలు మాత్రం బీరువాలోనే ఉన్నాయి.

ఆ ఆదివారం పాస్టరు అయ్యగారిని అడిగాను. ఆయన ఏలీయా సంగతి గుర్తు చేశారు. కర్మెలు మీద అంత గొప్ప జయం పొందిన ప్రవక్త, అరణ్యంలో బదరీ వృక్షము క్రింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకొమ్మని దేవుని అడిగాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. విశ్వాసం లేదని నిందించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇప్పించాడు. మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ తినిపించాడు. మాట్లాడినది హోరేబు కొండకు చేరిన తరువాతనే. “ముందు ఒంటికి కావలసింది, తరువాత ఉపదేశం. వరుస దేవుడే చూపించాడమ్మా” అన్నారు అయ్యగారు. హిజ్కియా రాజు ప్రార్థన దేవుడు విన్నాడు, ఆయుష్షు పొడిగించాడు. అయినా యెషయా కురుపు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. ప్రార్థనకు జవాబు మందు రూపంలో రాకూడదని ఎక్కడా లేదు. పందొమ్మిదవ శతాబ్దంలో లండనులో వేలాదిమందికి ప్రసంగించిన స్పర్జన్ గారు కూడా తమ కృంగుదలను సంఘం ఎదుట దాచుకోలేదు.

మా ఆడబిడ్డకు మాత్ర ఎందుకు ఇవ్వలేదు?

ఇక రెండవ చీటీ సంగతి. 2021 చివరలో మా ఆడబిడ్డ ఊరి నుండి బస్సెక్కి ఉప్పల్ రింగురోడ్డులో దిగింది. కరోనా కాలంలో చేసిన అప్పులు తీర్చడానికి పాడి బర్రెలు రెండూ అమ్మేశారు. కొడుకు పనికోసం దూరదేశం పోయాడు. రెండు నెలలుగా ఆమెకు ఏ పని మీదా మనసు లేదు, నిద్ర సరిగా లేదు, ఊరికే కళ్ళనీళ్ళు. కాని వంట చేస్తున్నది, తింటున్నది, మనవరాలిని చూస్తే నవ్వుతున్నది. చావు తలంపులు లేవు. ఇదివరకెన్నడూ ఇలా రాలేదు.

డాక్టరు గారు అవే తొమ్మిది ప్రశ్నలు అడిగారు. ఎనిమిది మార్కులు వచ్చాయి. ఆయన చీటీ మీద మందు పేరు వ్రాయలేదు. “తెల్లవారు జామున ఏం పని చేసేదానివమ్మా?” అని అడిగారు. “బర్రెలకు మేత వేసి పాలు పిండేదాన్ని సారు.” “ఇప్పుడు?” “ఇప్పుడేముంది, పండుకునే ఉంటా.” ఆయన చీటీ మీద తెలుగులోనే వ్రాశారు. ఉదయం ఐదున్నరకు లేవాలి. అరగంట నడవాలి. రోజుకు రెండు చిన్న పనులు ముందురోజే అనుకుని, మనసు ఉన్నా లేకపోయినా చేయాలి. మానేసిన మహిళా సంఘం మీటింగుకు వెళ్ళాలి. వారానికి రెండుసార్లు కొడుకుతో ఫోనులో మాట్లాడాలి. రెండు వారాల తరువాత మళ్ళీ రావాలి. తగ్గకపోయినా, ఎక్కువైనా అప్పుడు మాత్ర ఆలోచిద్దాము.

బయటికి వచ్చాక ఆమెకు కోపం. “వదినె, గోలీల కోసమే గదా పట్నం వచ్చింది? నీకిచ్చిండు, నాకెందుకియ్యడు? నా దగ్గర పైసలు లేవనుకున్నడా?” అన్నది.

రెండు వారాలు మా ఇంట్లోనే ఉంచుకున్నాను. తెల్లవారి ఇద్దరమూ హబ్సిగూడ మెట్రో స్టేషను దాకా నడిచి వచ్చేవాళ్ళం. మొదటి రోజులు మాట లేకుండా నడిచింది. తరువాత అప్పుల సంగతి, కొడుకు సంగతి, చివరికి బర్రెల సంగతి చెప్పి ఏడ్చింది. రెండవసారి చూపించినప్పుడు మార్కులు ఆరుకు దిగాయి. ఊరికి వెళ్ళి సంఘం నుండి చిన్న అప్పు తీసుకుని రెండు మేకలు కొన్నది. మూడు నెలలకు డాక్టరు గారు ఇక రానవసరం లేదన్నారు.

తేడా ఎక్కడ ఉంది?

డాక్టరు గారిని నేనే అడిగాను. ఆయన చెప్పినదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

ఒక మందు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి కొందరు రోగులకు అసలు మాత్ర, కొందరికి చూడడానికి అలాగే ఉండే పిండి మాత్ర ఇచ్చి పోల్చి చూస్తారు. 2010లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో ఆరు పరిశోధనలలోని 718 మంది వివరాలు కలిపి చూసిన వ్యాసం వచ్చింది. కృంగుదల స్వల్పంగానో మధ్యరకంగానో ఉన్నవారిలో అసలు మాత్రకూ పిండి మాత్రకూ తేడా చాలా తక్కువ. జబ్బు బాగా తీవ్రంగా ఉన్నవారిలో మాత్రం తేడా గట్టిగా కనిపించింది. 2018లో లాన్సెట్ పత్రికలో ఇంకా పెద్ద పరిశీలన వచ్చింది. 522 పరిశోధనలు, 1,16,477 మంది పెద్దవారు, 21 మందులు. ఆ ఇరవై ఒక్క మందులూ పిండి మాత్ర కంటే మెరుగుగానే పనిచేశాయి. కాబట్టి మందులు ఉత్తవి అనడం అబద్ధం. అందరికీ కావాలి అనడం కూడా అబద్ధం.

పిండి మాత్ర మింగినవారిలో కూడా చాలామంది కోలుకోవడం ఇందులో గమనించవలసిన సంగతి. వారిని వారం వారం ఒకరు పలకరించారు, విన్నారు, మళ్ళీ రమ్మన్నారు. కాలం కూడా కొంత పని చేసింది. స్వల్పమైన జబ్బుకు అదే చాలావరకు సరిపోతున్నది. అందుకనే ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వల్పమైన కృంగుదలకు ఈ మాత్రలు వాడవద్దని సలహా ఇచ్చింది. ఇంగ్లాండు వైద్య మార్గదర్శకులు కూడా 2022లో, జబ్బు తక్కువగా ఉన్నవారికి రోగి తానుగా కోరితే తప్ప మాత్రలతో మొదలుపెట్టవద్దన్నారు.

మరి నావి 14 మార్కులే కదా, మధ్యరకమే కదా? అసలు చిక్కు మధ్యరకం దగ్గరే ఉంది. అక్కడ ఒక్క మార్కుల లెక్కతో తేలదు. నా జబ్బు నెలల తరబడి ఉంది. ఇదివరకు ఒకసారి వచ్చి పోయింది. ఒళ్ళు తగ్గింది, చావు తలంపు వచ్చింది. మా వారి షిఫ్టుల మధ్య ప్రతివారం మాటల వైద్యానికి వెళ్ళే వీలు లేదు. ఇవన్నీ చెప్పి, “మాత్రతో మొదలుపెడదామా, నీకిష్టమేనా?” అని ఆయన నన్ను అడిగారు. ఆ ప్రశ్న కూడా వైద్యంలో భాగమే.

మాటల వైద్యం అంటే పెద్ద చదువుల వారే చేయాలని లేదు. గోవాలో డాక్టరు విక్రమ్ పటేల్ గారి బృందం మామూలు చదువు ఉన్న స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే కృంగుదల రోగులతో ఆరు నుండి ఎనిమిది సార్లు మాట్లాడించింది. మా ఆడబిడ్డకు చెప్పినట్టే, ఆగిపోయిన పనులను ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టించడమే అందులో ముఖ్యం. మూడు నెలల తరువాత మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో నూటికి 39 మంది కోలుకుంటే, దానితోపాటు ఈ మాటల సహాయం కూడా పొందినవారిలో 64 మంది కోలుకున్నారు. వారివి స్వల్పమైన జబ్బులు కావు, బరువైనవే. అంటే మాత్ర వాడేవారికి కూడా ఈ తోడు కావాలి. మన పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాలలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు ఆశా కార్యకర్తలకు నేర్పించి ఇలాంటి రోగులను గుర్తింపజేశారు. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అంతకుముందు లక్షణాలున్నవారిలో నూటికి ఒక్కరు కూడా వైద్యం పొందని చోట పన్నెండు మందికి పైగా పొందారు.

గ్రామాలలోని మన కుటుంబాలకు

నిరాశ, నిరాసక్తి రెండు వారాలకు పైగా ప్రతిదినం ఉండి, పని, తిండి, నిద్ర చెడితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని జిల్లా ఆసుపత్రిలో గాని చూపించండి. మానసిక వైద్యుడు దూరమైతే 14416 నంబరుకు ఫోను చేయండి. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. చావు మాటలు ఎవరైనా అంటే బెదిరింపని కొట్టివేయకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో నుండి తీసివేసి, ఆ మనిషిని ఒంటరిగా విడువక అదేరోజు వైద్యునికి చూపించండి.

డాక్టరు మాత్ర వ్రాస్తే వాడండి, ఆయన చెప్పకుండా ఆపకండి. ఒకరి చీటీతో ఇంకొకరు మందు కొనకండి. నా చీటీ మా ఆడబిడ్డకు పనికిరాదు, ఆమె చీటీ నాకు సరిపోయేది కాదు. డాక్టరు మాత్ర వ్రాయకపోతే చిన్నచూపు చూశాడనుకోకండి. చెప్పిన పనులు చేసి, చెప్పిన రోజుకు మళ్ళీ వెళ్ళండి.

స్త్రీల మైత్రిలోని అక్కచెల్లెళ్ళకు ఒక మనవి. కృంగిన సహోదరి ఇంటికి వెళ్ళినప్పుడు వెంటనే వాక్యం చెప్పకండి. ఒక గిన్నెలో వేడి జావ తీసుకొని వెళ్ళండి. ఆమె తాగేదాకా కూర్చోండి. మూలన పడి ఉన్న గిన్నెలు కడగండి. ఆమె మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే ఊరకే ఉండండి. వచ్చే ముందు, మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పి, ఆ రోజు తప్పకుండా వెళ్ళండి.